చర్చి గంట పోత పోయడం, శ్రుతి చేయడం ఎలా?

గంట గొంతు చాలావరకు కాగితం మీదే ఖాయమైపోతుంది. కొలిమి దాన్ని చెడగొట్టగలదు, లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ మెషీన్ కొద్దిగా సర్దగలదు, అంతే. కాబట్టి రాగి, తగరం కొనడానికి తొందరపడకండి. ముందు డ్రాయింగ్ తేలనివ్వండి.

లెక్కలు గాల్లో ఉండకుండా ఒకే గంటను మొదటి నుంచి చివరిదాకా వెంటబెట్టుకుని వెళ్దాం. నోటి వ్యాసం 90 సెంటీమీటర్లు, బరువు సుమారు 420 కిలోలు, స్వరం 440 హెర్ట్జ్. మీరే ఫౌండ్రీలో నిలబడి పోసినా, ఎవరికైనా ఆర్డర్ ఇచ్చి పనిని దగ్గరుండి చూసుకున్నా అడుగులు ఇవే.

ముందు స్వరం, తర్వాత సైజు

ఒకే ఆకారం ఉన్న రెండు గంటలు తీసుకుంటే, వ్యాసం రెట్టింపైనప్పుడు స్వరం ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, కిందికి దిగుతుంది, బరువు ఎనిమిది రెట్లు అవుతుంది. సైజు లెక్కలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. మధ్యరకం మందం ఉన్న గంట 1.2 మీటర్ల వెడల్పు ఉంటే దాదాపు ఒక టన్ను తూగుతుంది, 330 హెర్ట్జ్ ప్రాంతంలో మోగుతుంది. మనకు 440 కావాలి. 330ని 440తో భాగిస్తే ముప్పావు. 1.2 మీటర్లలో ముప్పావు అంటే 90 సెంటీమీటర్లు. బరువుకు ముప్పావును మూడుసార్లు గుణించుకోండి, 0.42 టన్ను వస్తుంది. లండన్ బిగ్ బెన్ 2.7 మీటర్ల వెడల్పుతో పదమూడున్నర టన్నులకు పైగా ఎందుకు తూగుతుందో ఈ లెక్కతోనే చాలావరకు అర్థమవుతుంది.

అదే స్వరం చిన్న వ్యాసంలోనూ తెప్పించవచ్చు, గోడ పలుచన చేస్తే. బరువు తగ్గుతుంది, డబ్బు మిగులుతుంది, కానీ మోత కూడా పేలవంగా ఉంటుంది. చవకగా వస్తుందని పలుచని గంట ఆర్డర్ ఇచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: అదే డబ్బుతో ఇంకాస్త పై స్వరంలో, సరైన మందంతో ఉన్న చిన్న గంట తీసుకోండి.

టవర్‌లో ఇప్పటికే వేరే గంటలు ఉంటే ముందు వాటిని కొలవండి. అవి 440 లెక్కకు శ్రుతి అయి ఉంటాయన్న నమ్మకం ఏమీ లేదు. కొత్త గంట వాటితో కలవాలి గానీ ట్యూనర్ యాప్‌తో కాదు.

ఒక్క దెబ్బకు ఐదు స్వరాలు

ఇది అర్థం కాకుండా ముందుకు వెళితే తర్వాత లేత్ దగ్గర చేతులెత్తేయాల్సి వస్తుంది.

గంటను ఒకసారి కొడితే చాలా స్వరాలు కలిసి పుడతాయి. వాటిలో శ్రుతికి లెక్కలోకి తీసుకునేవి ఐదు. మన గంటకు అవి కింది నుంచి ఇలా ఉండాలి: హమ్ 220, ప్రైమ్ 440, టియర్స్ 528, క్వింట్ 660, నామినల్ 880 హెర్ట్జ్. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళకు ఇంకా తేలిక. ప్రైమ్‌ను మధ్య స్థాయి షడ్జమం అనుకుంటే హమ్ మంద్ర షడ్జమం, టియర్స్ సాధారణ గాంధారం, క్వింట్ పంచమం, నామినల్ తార షడ్జమం. చర్చి గంట మోతలో ఎప్పుడూ కాస్త దిగులు వినిపించేది ఆ గాంధారం వల్లే. అంతర గాంధారంతో, అంటే మేజర్ థర్డ్‌తో మోగే గంటలు కూడా ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని ఐస్‌బౌట్స్ ఫౌండ్రీ కంప్యూటర్ లెక్కల సాయంతో 1985లో వాటిని తెచ్చింది. చూడటానికే నడుము దగ్గర ఉబ్బెత్తుగా, వేరే రకంగా ఉంటాయి.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. కొట్టగానే చెవికి "ఇదీ ఈ గంట స్వరం" అని తోచేది ఆ ఐదింటిలో ఏదీ కాదు. నామినల్, దాని పైన ఉన్న మరో రెండు స్వరాలు దాదాపు 880, 1320, 1760 దగ్గర ఉంటాయి. ఈ మూడూ 2, 3, 4 నిష్పత్తిలో ఉండటం వల్ల చెవి తనంతట తాను కింద ఒక 440ని ఊహించుకుంటుంది. ప్రైమ్ కూడా 440 దగ్గరే ఉన్నా, ఇది అది కాదు. దీన్నే స్ట్రైక్ నోట్ అంటారు. ఈ ఊహా స్వరం మైక్రోఫోన్‌కు దొరకదు. వినిపించే స్వరం నామినల్‌కు ఒక ఆక్టేవ్ కింద ఉంటుందని 1890లోనే లార్డ్ రేలీ గమనించాడు. దీనివల్ల పనిలో తేడా ఏమిటంటే, ప్రైమ్ ఖచ్చితంగా 440 దగ్గర ఉన్నా నామినల్ పక్కకు పోయిందంటే గంట అపశ్రుతిగానే వినిపిస్తుంది. నామినలే యజమాని.

ఐదింటినీ వరసలో పెట్టే విద్య ఒకసారి దొరికి, పోయి, మళ్ళీ దొరికింది. ఫ్రాంస్వా, పీటర్ హెమోనీ అనే అన్నదమ్ములు 1644లో నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ టవర్‌కు మొదటిసారి సరిగ్గా శ్రుతి అయిన గంటల సెట్ పోశారు. ఏ స్వరం ఎక్కడుందో వినిపట్టడంలో వాళ్ళకు తోడు నిలిచినవాడు యాకొబ్ వాన్ ఐక్, పుట్టుకతోనే చూపులేని సంగీతకారుడు. ఆ అన్నదమ్ములతోపాటే ఆ పట్టు కూడా పోయింది. ఇంగ్లండ్‌లో ఆర్థర్ సింప్సన్ అనే పాదిరీ ఊరూరా గంటలు కొలిచి వ్యాసాలు రాయడం, లఫ్‌బరోలోని టేలర్ ఫౌండ్రీ 1896లో దాన్ని ఆచరణలో పెట్టడంతో మళ్ళీ వాడుకలోకి వచ్చింది.

ప్రొఫైల్ గీయడం

గంటను నిలువునా సగానికి కోస్తే కనిపించే గోడ ఆకారమే ప్రొఫైల్. ఐదు స్వరాలు ఎక్కడ నిలబడాలో చెప్పేది అదే. సంప్రదాయ నిష్పత్తులు గుర్తుపెట్టుకోండి. నాలుక తగిలే చోట, అంచుకు కొంచెం పైన, గోడ అన్నిటికంటే మందంగా ఉంటుంది. ఫౌండ్రీలో దాన్ని సౌండ్‌బో అంటారు. దాని మందం నోటి వ్యాసంలో సుమారు పదమూడో వంతు. మన గంటకు 7 సెంటీమీటర్లకు ఒక పిసరు తక్కువ. నడుము దగ్గర మందం అందులో మూడో వంతుకు దిగుతుంది. భుజాల దగ్గర వ్యాసం నోటి వ్యాసంలో సగం, అంటే 45 సెంటీమీటర్లు.

కొత్త ప్రొఫైల్ కనిపెట్టాలని సరదా పడకండి. బాగా మోగే గంటను లోపలా బయటా కొలిచి, దాన్ని కావలసిన సైజుకు పెంచుకోండి లేదా తగ్గించుకోండి. ఈ రోజుల్లో లేజర్ స్కాన్ చేసి కంప్యూటర్‌లో ఐదు స్వరాలనూ ముందే లెక్కకట్టే వీలుంది. ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

గీసేటప్పుడు రెండు సవరణలు కలుపుకోండి. కంచు చల్లారేటప్పుడు దాదాపు ఒకటిన్నర శాతం కుంచించుకుంటుంది, కాబట్టి 90 సెంటీమీటర్ల గంటకు అచ్చు 91.3 దాకా ఉండాలి. రెండోది శ్రుతి కోసం. లోపలి నుంచి లోహం చెక్కితే స్వరం కిందికే దిగుతుంది. తీసిన లోహాన్ని మళ్ళీ పెట్టలేం. అందుకని గోడను కావాలనే కాస్త మందంగా పోస్తారు. మందం 3 శాతం పెంచితే స్వరం దాదాపు అర సెమీటోన్ పైకి లేస్తుంది (ఆక్టేవ్‌లో పన్నెండో వంతు సెమీటోన్). ఆ మాత్రం చాలు. "ఎందుకైనా మంచిది" అని ఇంకా ఎక్కువ పెడితే లేత్ మీద అంత చెక్కాల్సి వచ్చి, చివరికి మీరు గీసిన ప్రొఫైలే మిగలదు.

అచ్చు: మట్టి పని

గంట అచ్చు రెండు ముక్కలు. లోపలి ఆకారం ఇచ్చేది కోర్, బయటి ఆకారం ఇచ్చేది పై అచ్చు. రెంటి మధ్య మిగిలే ఖాళీయే గంట.

మట్టి మిశ్రమంలో బంకమట్టి, ఇసుక, గుర్రపు పేడ, మేక వెంట్రుకలు ఉంటాయి. పేడ అనగానే మొహం చిట్లించకండి. దానిలోని సన్నటి గడ్డి పీచు ఆరబెట్టేటప్పుడు మాడిపోయి, మట్టి నిండా కంటికి కనిపించని సందులు వదులుతుంది. లోహం పోసినప్పుడు పుట్టే వాయువులు ఆ సందుల్లోంచే బయటికి పోతాయి. వెంట్రుకలు మట్టి పగలకుండా పట్టి ఉంచుతాయి. గుప్పిట్లో పిసికి వదిలితే వేళ్ళ గుర్తులు చెదరకుండా నిలవాలి, చేతికి మాత్రం అంటుకుని రాకూడదు. అంటుకుంటే నీళ్ళు ఎక్కువయ్యాయి.

ప్రొఫైల్‌ను చెక్క లేదా లోహపు పలక మీదికి దింపి, గీత వెంబడి కోయండి. లోపలి వంపుకు ఒకటి, బయటి వంపుకు ఒకటి. ఒక నిలువు ఇరుసుకు పలకను బిగించి చుట్టూ తిప్పితే, అది మట్టిని గీరుకుంటూ గుండ్రటి ఆకారం ఇస్తుంది. ఇరుసులో ఏమాత్రం ఆట ఉన్నా గంట గుండ్రంగా రాదు, దాని ఫలితం శ్రుతి దగ్గర తెలుస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఇరుసును చేత్తో పట్టుకుని ఊపి చూడండి.

కోర్‌కు మధ్యలో బోలుగా ఇటుకలు పేర్చి, పైన మట్టి మెత్తండి. ఒక పొర వేయడం, పలక తిప్పడం, ఆరనివ్వడం, మళ్ళీ పొర. పైకి వెళ్ళేకొద్దీ మట్టిని ఇంకా సన్నగా జల్లించండి. చివరి పొర మీద గ్రాఫైట్ కలిపిన పూత వేసి నునుపు చేస్తే గంట లోపలి తలం శుభ్రంగా వస్తుంది.

పై అచ్చుకు రెండు దారులున్నాయి. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ ఫౌండ్రీల పాత పద్ధతిలో కోర్ మీద మట్టితోనే ఒక దొంగ గంట చేస్తారు. దాని మీద మైనపు అక్షరాలు, బొమ్మలు అతికించి, ఆ పైన మళ్ళీ మట్టి పొరలు కప్పుతారు. వేడి చేస్తే మైనం కరిగి కారిపోతుంది, అక్షరాల గుర్తులు పై అచ్చు లోపలి వైపు ఉండిపోతాయి. తర్వాత పై అచ్చును ఎత్తి, దొంగ గంటను పగలగొట్టి తీసేస్తారు. ఇంగ్లండ్ పద్ధతిలో దొంగ గంట ఉండదు. చిల్లులున్న పోత ఇనుప పెట్టె లోపల మట్టి మెత్తి, బయటి పలకతో నేరుగా వంపు గీసి, తడి ఆరకముందే అక్షరాలు అద్దుతారు. నగిషీ పని ఎక్కువుంటే మొదటిది మేలు. మామూలు పేరు, సంవత్సరం మాత్రమే అయితే రెండోది త్వరగా తేలుతుంది.

అక్షరాలు నేరుగా అద్దేటప్పుడు అన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి, కుడి నుంచి ఎడమకు పెట్టాలి. మధ్యయుగాల నాటి యూరప్ గంటల్లో తిరగబడ్డ అక్షరాలు, తలకిందులైన పేర్లు బోలెడు కనిపిస్తాయి. కంచులో అచ్చుతప్పు పడిందంటే వందల ఏళ్ళు ఉంటుంది. అద్దడం అయ్యాక అద్దం పెట్టి ఇద్దరి చేత చదివించండి.

ఆరబెట్టడం

దీన్ని వేరే అడుగుగా రాస్తున్నానంటే కారణం ఉంది. ఈ మొత్తం పనిలో ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే.

మట్టిలో తడి మిగిలి ఉండగా 1100 డిగ్రీల లోహం తగిలితే ఆ నీరు ఒక్క క్షణంలో ఆవిరై పేలుతుంది. 1716లో లండన్ మూర్‌ఫీల్డ్స్ ఫౌండ్రీలో కంచు ఫిరంగులు పోస్తుండగా జరిగింది అదే. అచ్చుల్లో తడి ఉండిపోయింది, పేలుడులో పలువురు చనిపోయారు. గంట పోసినా ఫిరంగి పోసినా లోహం ఒకటే, ప్రమాదం ఒకటే.

కోర్ బోలులో చిన్న మంట పెట్టి రోజుల తరబడి నెమ్మదిగా కాల్చండి. మంట పెంచితే పై పొర ముందు గట్టిపడి పగులుతుంది, లోపలి తడి లోపలే ఉంటుంది. అచ్చు వేడిగా ఉన్నప్పుడే గాలి రంధ్రం మీద చల్లటి గాజు పలక పట్టి చూడండి. పొగమంచులా మసక పట్టిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఆ రోజుకు పోత మాట మరిచిపోండి. అతిథులు వచ్చి కూర్చున్నా, ఫాదర్‌గారు ప్రార్థన మొదలుపెట్టినా సరే.

లోహం

గంట కంచులో రాగి 78 పాళ్ళు, తగరం 22 పాళ్ళు. ఒకటి రెండు పాళ్ళు అటూ ఇటూ ఫర్వాలేదు. బంగారం మోగదు, మెత్తటి రాగి కూడా పెద్దగా మోగదు, కానీ రాగికి ఇంత తగరం కలిపితే గట్టి, పెళుసు సమ్మేళనం ఒకటి లోపల అల్లుకుంటుంది. దానివల్ల కంపనం త్వరగా అణగిపోదు, మోత చాలాసేపు నిలుస్తుంది. ఆ గుణానికి మూల్యం పెళుసుదనం. అంత బలంగా కనిపించే గంట సుత్తి దెబ్బకు గాజులా ముక్కలవుతుంది. తగరం 25 దాటితే మామూలు వాడకానికే తట్టుకోదు. బాగా తగ్గితే మోత చప్పబడుతుంది.

పాళ్ళు ఊహ మీద మారిస్తే ఏమవుతుందో ఫిలడెల్ఫియాలోని లిబర్టీ బెల్ చూపిస్తుంది. 1752లో లండన్ నుంచి వచ్చిన ఆ గంట మోగించి చూడగానే పగిలింది. పాస్, స్టో అనే స్థానిక పనివాళ్ళు దాన్ని కరిగించి, పెళుసు తగ్గించడానికి రాగి కలిపి మళ్ళీ పోశారు. పగల్లేదు గానీ మోత ఎవరికీ నచ్చలేదు. 1753లోనే ఇంకోసారి కరిగించి పోశారు.

సీసం దగ్గరికి రానివ్వొద్దు. అది కంచులో కలవకుండా బొట్లు బొట్లుగా నిలిచి మోతను మింగేస్తుంది. స్క్రాప్ కంచుతో వచ్చే చిక్కు అదే. కుళాయిలు, బేరింగుల కంచులో సీసం, జింకు ఉంటాయి. పాత గంటనే కరిగిస్తుంటే పర్వాలేదు, కానీ ముందు ఏ లోహం ఎంత ఉందో చెప్పే స్పెక్ట్రోమీటర్ పరీక్ష చేయించి, తగ్గిన తగరాన్ని కలుపుకోండి. ఇక వెండి వేస్తే గొంతు తియ్యగా వస్తుందన్నది వట్టి నమ్మకం. భక్తులు వెండి నాణేలు తెస్తే హుండీలో వేయమనండి.

420 కిలోల గంటకు, అచ్చు నిండాక లోహం పైకి పొంగి నిలిచే గొట్టాలు (రైజర్లు), తరుగు కలుపుకుని 480 కిలోలు కరిగించాలి. అందులో రాగి 374 కిలోలు, తగరం 106. ముందు రాగిని బొగ్గు కప్పి కరిగించండి. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తగరం 232కే కరిగిపోతుంది. తగరాన్ని మొదటే వేస్తే ఆక్సైడై చిట్టెంలోకి పోతుంది కాబట్టి చివర్లో వేయాలి. తగరం వేశాక కిందా పైనా బాగా కలపండి. పచ్చి కొయ్యతో కలపడం పాత అలవాటు. కొయ్య బుడబుడలాడుతూ లోహాన్ని తిరగేస్తుంది, కొంత ఆక్సిజన్‌ను కూడా లాగేస్తుంది. ఇప్పటివాళ్ళు చివర్లో కొంచెం ఫాస్ఫర్ కాపర్ కూడా వేస్తారు. పోసే ముందు చిట్టెం పూర్తిగా తోడేయండి.

గొయ్యి, పోత

కోర్ మీద పై అచ్చు దించి, చుట్టూ ఖాళీ సమానంగా ఉందో లేదో కొలిచి, గట్టిగా బిగించండి. తర్వాత అచ్చును గోతిలో దించి చుట్టూ మట్టి వేసి, పొర పొరకూ దిమ్మిసతో కొట్టండి. ఎందుకింత హడావుడి అంటే, కరిగిన కంచు నీటికంటే దాదాపు ఎనిమిది రెట్లు బరువు. 70 సెంటీమీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద 500 గ్రాములకు పైగా ఒత్తిడి పడుతుంది. అది పై అచ్చును పైకి ఎత్తేయాలని చూస్తుంది. కాస్త లేచినా కింది అతుకులోంచి లోహం కారిపోతుంది.

లోహం 1100 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పోయండి. మరీ వేడిగా ఉంటే గాలి బుడగలు, గరుకు తలం వస్తాయి. చల్లబడితే అక్షరాలు నిండవు. ధార సన్నగా మొదలై వెంటనే నిండుగా, ఒకే తీరుగా సాగాలి. ఈ సైజుకు ఒకటి రెండు నిమిషాల పని. మధ్యలో ఆపారా, ఆగిన చోట గంట చుట్టూ అతకని గీత పడుతుంది, ఆ గంట జీవితాంతం మోగదు. గాలి రంధ్రాల దగ్గర వచ్చే వాయువులను మంట చూపించి కాల్చేయండి. రైజర్లలో లోహం కనిపించేదాకా ఒక్క మాట కూడా వద్దు. జర్మనీ, ఆస్ట్రియా ఫౌండ్రీల్లో ఈ పని శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు పెట్టుకోవడం ఆచారం, క్రీస్తు ప్రాణం విడిచిన వేళ అని.

చల్లారడానికి మన గంటకు ఒకటి రెండు రోజులు. పెద్దవాటికి వారం, ఆ పైన. తొందరపడి తవ్వితే పలుచని నడుము ముందు చల్లబడి, మందమైన అంచు వేడిగానే ఉండి, లోపల బిగువు మిగిలిపోతుంది. వేడి గంట మీద నీళ్ళు పడితే ఏమవుతుందో చూడాలంటే మాస్కో క్రెమ్లిన్‌లోని జార్ గంట ఉంది. 1735లో పోసిన దాదాపు 200 టన్నుల గంట. 1737 అగ్నిప్రమాదంలో వేడెక్కి, మంటలార్పే నీళ్ళు తగిలి, పదకొండున్నర టన్నుల ముక్క ఊడిపోయింది. అది ఒక్కసారి కూడా మోగలేదు.

మట్టి రాల్చి, రైజర్లు కోసి, బ్రష్‌తో రుద్దాక చెక్క సుత్తితో అంచు మీద మెల్లగా ఒక దెబ్బ వేయండి. మోత చివరిదాకా సాగితే ముందుకు వెళ్ళండి. బొంగురుగా తెగిపోతే పగులు ఉన్నట్టు. శ్రుతి చేయడం మీద సమయం వృథా చేసుకోవద్దు, మళ్ళీ కరిగించడమే.

శ్రుతి

గంటను తలకిందులుగా, నోరు పైకి పెట్టి, నిలువు లేత్ మీద తల దగ్గర మాత్రమే బిగించండి. అంచు స్వేచ్ఛగా ఉంటేనే మోగుతుంది, మోగితేనే కొలవగలరు. డయల్ గేజ్ పెట్టి సరిగ్గా మధ్యలో తిరుగుతోందో లేదో చూసుకోండి.

ముందు కొలత. అంచు దగ్గర మైక్రోఫోన్ పెట్టి, కొట్టి, కనీసం 10 సెకన్లు రికార్డ్ చేయండి. రికార్డింగ్ ఎంత పొడవుంటే ఫ్రీక్వెన్సీ అంత ఖచ్చితంగా తెలుస్తుంది. 10 సెకన్లకు పదో వంతు హెర్ట్జ్ దాకా వస్తుంది. మెత్తటి సుత్తితో కొడితే హమ్, ప్రైమ్ స్పష్టంగా వస్తాయి. నామినల్ త్వరగా ఆరిపోతుంది కాబట్టి దానికి గట్టి సుత్తి వాడండి. కంప్యూటర్లు లేని కాలంలో శ్రుతి కడ్డీని (ట్యూనింగ్ ఫోర్క్‌ను) మీటి దాని కాడను గంటకు ఆనించేవారు. రెండిటి స్వరం కలిస్తే గంట తనే పలికేది. ఇప్పటికీ సరిచూసుకోవడానికి అది మంచి పద్ధతి.

మన గంట పోత దశలో ఇలా వచ్చిందనుకుందాం: హమ్ 226, ప్రైమ్ 451, టియర్స్ 541, క్వింట్ 670, నామినల్ 897. సెమీటోన్‌కు 100 సెంట్ల లెక్కన చూస్తే, హమ్ దాదాపు 47 సెంట్లు పైన ఉంది, ప్రైమ్ 43, టియర్స్ 42, క్వింట్ 26, నామినల్ 33. అన్నీ పైనే ఉన్నాయి, మంచిదే. కానీ సమానంగా లేవు. హమ్, ప్రైమ్ ఎక్కువ దిగాలి, నామినల్ తక్కువ దిగాలి.

ఎక్కడ చెక్కితే ఏ స్వరం కదులుతుందన్నదే అసలు విద్య. స్థూలంగా, లోపలి వైపు సౌండ్‌బో దగ్గర తీస్తే నామినల్ బాగా దిగుతుంది, నడుము పై భాగాల్లో తీస్తే హమ్, ప్రైమ్ దిగుతాయి. కానీ ఏ చోట ముట్టుకున్నా ఐదూ ఎంతో కొంత కదులుతాయి. అందుకే ప్రతి ఫౌండ్రీ తన ప్రొఫైల్‌కు తగ్గ పట్టిక తయారుచేసి ఉంచుకుంటుంది: ఈ ఎత్తులో ఒక మిల్లీమీటర్ తీస్తే ఏది ఎన్ని సెంట్లు దిగుతుందని. మీ దగ్గర ఆ పట్టిక లేకపోతే మొదటి గంట మీదే రాసుకుంటూ వెళ్ళాలి.

మన ఉదాహరణలో నడుము పై భాగంతో మొదలుపెట్టండి. వెడల్పుగా, పలుచగా, రెండు వైపులా పక్క తలంతో కలిసిపోయేలా చెక్కండి. గాడిలా లోతుగా ఒకేచోట తీయొద్దు. కావలసిన దానిలో మూడింట రెండు వంతులు దిగగానే ఆపి, మళ్ళీ ఐదూ కొలవండి. చెక్కేటప్పుడు గంట వేడెక్కుతుంది, వేడి గంట కొంచెం కింద పలుకుతుంది. చల్లారనిచ్చి కొలవకపోతే తప్పు అంకెను నమ్మి ఆగిపోతారు. నడుము పని అయ్యేసరికి నామినల్ కూడా కొంత దిగి ఉంటుంది. మిగిలిన కాస్తా సౌండ్‌బో దగ్గర తీసి ముగించండి. నామినల్‌ను ఆఖరికి ఉంచుకోవడం నాకు నచ్చిన వరస. చివరి దెబ్బ దానిదే కాబట్టి స్వరం చేతిలో ఉంటుంది.

క్వింట్ గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. అది బలహీనంగా పలుకుతుంది, చాలామంది ట్యూనర్లు దాన్ని దాని మానాన వదిలేస్తారు. టియర్స్‌కు 528 అన్నది స్వచ్ఛమైన నిష్పత్తి. మిగతా గంటలు పియానోలా సమాన విభజనలో ఉంటే 523 వైపు జరపాలి. నామినల్ 2, 3 సెంట్లలోపు, హమ్, ప్రైమ్, టియర్స్ 5 సెంట్లలోపు వచ్చాయంటే లేత్ ఆపేయమనే నా సలహా. ఆ తర్వాత తీసే ప్రతి పొర చెవికి తేడా తేదు, గంటను మాత్రం పలుచన చేస్తుంది. పోత నుంచే సరిగ్గా వచ్చి, లేత్ ఎక్కకుండానే టవర్ ఎక్కే గంటలు కూడా అప్పుడప్పుడు వస్తాయి. ఇంగ్లండ్‌లో వాటిని మెయిడెన్ బెల్ అని గర్వంగా చెప్పుకుంటారు.

ఏదైనా ఒక స్వరం లెక్క తప్పి కిందికి పోతే? గంట ఒంటరిదైతే మిగతా నాలుగింటినీ దానితో పాటు దించి, ఇంకాస్త కింది స్వరానికి ఒప్పుకోవచ్చు. సెట్‌లోదైతే ఆ దారి లేదు. అంచును బయటి నుంచి చెక్కి స్వరం కాస్త లేపే పాత చిట్కా ఒకటుంది. ఉలితో అలా కొట్టిన గంటలు ఇప్పటికీ పాత టవర్లలో కనిపిస్తాయి. అంచు గరుకై పగుళ్ళకు దారి ఇస్తుంది, ఆ పని చేయొద్దు.

ఇంకో రకం లోపాన్ని లేత్ బాగుచేయలేదు. గంట గుండ్రనంలో, మందంలో తేడా ఉంటే ఒక్కో స్వరం రెండుగా చీలుతుంది. 220 ఒక్కటే రావాల్సిన చోట 219.6, 220.4 వచ్చాయనుకోండి, ఆ రెండూ కలిసి మోత ఊగుతూ వినిపిస్తుంది. కొద్దిపాటి ఊగు గంటకు అందమే. మరీ ఎక్కువైతే అంచు చుట్టూ వేర్వేరు చోట్ల కొట్టి చూసి, చీలికలో ఒక భాగమే బలంగా పలికే చోటును సుద్దతో గుర్తుపెట్టండి. గంటను వేలాడదీసేటప్పుడు నాలుక అక్కడ తగిలేలా తిప్పి బిగించవచ్చు.

ఈ సెంట్ల గొడవంతా అందరూ పెట్టుకోరని కూడా చెప్పాలి. రష్యా చర్చిల్లో గంటలను సంప్రదాయంగా లేత్ మీద శ్రుతి చేయరు. గంట కదలదు, నాలుకను తాడుతో లాగుతారు, అక్కడ రాగం కంటే లయ ముఖ్యం. మీరు పోసేది అలాంటి చర్చికైతే పోతతోనే మీ పని సగానికి పైగా అయిపోయినట్టు.

నాలుక, బిగింపు

నాలుక బరువు గంట బరువులో 4 శాతం ప్రాంతంలో, అంటే మనకు 17 కిలోల దగ్గర ఉండాలి. ఇనుము కంచుకంటే మెత్తగా ఉండే రకం కావాలి, అరిగితే నాలుకే అరగాలి. సరిగ్గా సౌండ్‌బో మీద తగలాలి. పైన నడుము మీద తగిలితే మోత చెడటమే కాదు, గోడ పగులుతుంది. బరువు ఎక్కువైతే మోత పెరుగుతుందనుకోవద్దు. బిగ్ బెన్ 1859లో సేవలోకి వచ్చిన రెండు నెలలకే పగిలింది. అనుమతించిన దానికి రెట్టింపుకు మించిన సుత్తి వాడటమే కారణమని చెబుతారు. తేలిక సుత్తి పెట్టి, గంటను కాస్త పక్కకు తిప్పి మళ్ళీ మోగించారు. ఆ పగులుతోనే ఈనాటికీ మోగుతోంది.

నాలుకను పట్టే ఇనుప కొక్కేన్ని పూర్వం పోత సమయంలోనే గంట తలలో ఉంచేసేవారు. ఏళ్ళు గడిచాక ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, తలను లోపలి నుంచి చీలుస్తుంది. మీరు అలా చేయకండి. తల మధ్యలో రంధ్రం వేసి బోల్టుతో బిగించండి, తుప్పు పడితే మార్చుకోవచ్చు. ఊగే గంట టవర్‌ను అడ్డంగా లాగుతుంది కాబట్టి పైకి ఎత్తేముందు స్ట్రక్చరల్ ఇంజినీర్ చేత టవర్ చూపించండి.

వేలాడదీశాక ఐదు స్వరాలనూ ఇంకోసారి రికార్డ్ చేసి, తేదీతో సహా చర్చి ఫైల్లో పెట్టండి. కొన్నేళ్ళకోసారి అదే చోట, అదే సుత్తితో కొట్టి పోల్చండి. అంకెలు కదిలినా, మోత సాగే సమయం తగ్గినా పగులు మొదలై ఉండవచ్చు. నాలుక తగిలే చోట గుంట పడితే గంటను పావు చుట్టు తిప్పి కొత్త చోట తగిలేలా బిగించండి. పగులు నిజంగానే కనిపిస్తే ఆ రోజే మోగించడం ఆపండి. గంట మొత్తాన్ని కొలిమిలో నెమ్మదిగా వేడిచేసి, అదే పాళ్ళ కంచుతో వెల్డింగ్ చేసి, అంతే నెమ్మదిగా చల్లార్చే నిపుణులు జర్మనీలోని నోర్డ్‌లింగెన్‌లో ఉన్నారు. స్థానికంగా మామూలు వెల్డింగ్ షాపు చేత మాత్రం అతికించొద్దు, ఒకేచోట వేడి తగిలి పగులు ఇంకా పైకి పాకుతుంది.